ఏటా సైట్ మారుతోందా? 20 ఏళ్ల వయసులో 84 మందికి ఒకరిలో కెరటోకోనస్.. ఆ లెక్క మనకేం చెబుతోంది?

ఆర్నెల్లకోసారి కళ్లద్దాల పవర్ మారుతోంది. కొత్త అద్దాలు పెట్టుకున్నా బోర్డు మీద అక్షరాల పక్కన నీడలు కనిపిస్తున్నాయి. రాత్రి బండి మీద వెళ్తుంటే ఎదురుగా వచ్చే లైటు గీతలు గీతలుగా చీలిపోతోంది. ఇంట్లో చెబితే వచ్చే సమాధానం ఒక్కటే.. ‘‘ఆ ఫోన్ పక్కన పెట్టు, అదే తగ్గుతుంది’’. చాలామంది విషయంలో అది మామూలు సైటే కావచ్చు. కానీ కొందరిలో అసలు కారణం ఫోన్ కాదు. కంటి ముందు పొర ఆకారమే మారిపోతుండటం. దాని పేరు కెరటోకోనస్.

ఇన్నాళ్లూ దీన్ని ‘అరుదైన వ్యాధి’ అని చెప్పుకుంటూ వచ్చారు. రెండు వేల మందిలో ఒకరికి వస్తుందనేది పాత లెక్క. కానీ ఆస్ట్రేలియాలో 20 ఏళ్ల యువతీయువకుల కళ్లను ఆధునిక మెషీన్‌తో స్కాన్ చేస్తే తేలింది వేరే. ప్రతి 84 మందిలో ఒకరికి ఈ సమస్య ఉంది! మరి వ్యాధి అంతగా పెరిగిపోయిందా? లేక ఇన్నాళ్లూ మనకు కనిపించలేదా? మన దగ్గర పరిస్థితి ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

• కెరటోకోనస్ సాధారణంగా టీనేజ్‌లో మొదలై 20లలో పెరుగుతుంది
• మామూలు సైట్ టెస్టులో తేలిగ్గా తప్పించుకుంటుంది
• ముదరకుండా ఆపే చికిత్స ఉంది.. కానీ పోయిన ఆకారాన్ని పూర్తిగా వెనక్కి తేలేరు
• అందుకే ఇక్కడ అసలు పోటీ టైమ్‌తోనే

అసలేంటీ కెరటోకోనస్?

కంటి నల్లగుడ్డు ముందు వాచీ అద్దంలా ఉండే పారదర్శక పొరే కార్నియా. దీని మందం సుమారు అర మిల్లీమీటరు. అంత పల్చటి పొరే అయినా చేసే పని మాత్రం పెద్దది. కంట్లోకి వచ్చే వెలుతురును వంచి రెటీనా మీద సరిగ్గా పడేలా చేయడంలో దాదాపు మూడింట రెండు వంతుల పని దీనిదే.

ఆరోగ్యంగా ఉన్న కార్నియా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కెరటోకోనస్ వచ్చినవాళ్లలో ఇది క్రమంగా పల్చబడుతుంది. బలహీనపడిన చోట, మధ్యలోనో కొంచెం కిందనో, శంఖం మొనలా ముందుకు పొడుచుకొస్తుంది. దాంతో వెలుతురు ఒక చోట పడకుండా చెల్లాచెదురవుతుంది. ఒక అక్షరం రెండుగా, మూడుగా కనిపిస్తుంది.

కంటి ఎరుపు ఉండదు. నొప్పి ఉండదు. బయటి నుంచి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. మొదట్లో తెలిసే సంగతి ఒక్కటే, సిలిండ్రికల్ పవర్ పెరగడం. అంటే అద్దాల షాపులో చీటీ మారుతుంది, అంతే. అక్కడే ఈ వ్యాధి దాక్కుంటుంది.

రెండు వేలలో ఒకరు నుంచి 84లో ఒకరికి.. ఎలా?

లెక్కలు ఎలా మారుతూ వచ్చాయో ఓసారి చూడండి.

• అమెరికా: మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కౌంటీ వైద్య రికార్డులతో చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. లక్ష మందిలో సుమారు 54 మంది, అంటే దాదాపు రెండు వేలలో ఒకరు.
• నెదర్లాండ్స్: సుమారు 44 లక్షల మంది ఆరోగ్య బీమా రికార్డులు పరిశీలించి 2017లో ఇచ్చిన అంచనా. 375 మందిలో ఒకరు.
• ఆస్ట్రేలియా: పెర్త్ నగరంలో ‘రెయిన్ స్టడీ’లో భాగంగా 20 ఏళ్ల వయసున్న 1,259 మంది కార్నియాలను స్కాన్ చేశారు. 15 మందిలో కనీసం ఒక కంట్లో కెరటోకోనస్ తేలింది. అంటే 1.2 శాతం, 84 మందిలో ఒకరు.
• సౌదీ అరేబియా: రియాద్‌లో కంటి సమస్యతో కాకుండా వేరే కారణాలతో ఆసుపత్రికి వచ్చిన 6 నుంచి 21 ఏళ్లవాళ్లను పరీక్షించి 2018లో ఇచ్చిన లెక్క. 4.79 శాతం, అంటే 21 మందిలో ఒకరు.

పైపైన చూస్తే వ్యాధి ఏదో దావానలంలా వ్యాపిస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ ఈ తేడాలో పెద్ద భాగం వ్యాధిది కాదు, వెతికిన పద్ధతిది.

మిన్నెసోటా లెక్కలోకి వచ్చింది ఎవరు? చూపు బాగా తగ్గి, డాక్టర్ దగ్గరికి వెళ్లి, అప్పటి పరికరాలకు దొరికినవాళ్లు. ఆ రోజుల్లో కార్నియా వంపు కొలిచే కెరటోమీటర్ మధ్య భాగంలో కొన్ని పాయింట్లను మాత్రమే చూసేది. నెదర్లాండ్స్ లెక్క కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లి నిర్ధారణ అయినవాళ్లదే. అయితే అప్పటికి పరికరాలు మెరుగయ్యాయి.

పెర్త్‌లో జరిగింది పూర్తిగా వేరు. వాళ్లు పేషెంట్లు కాదు. 1989లో మొదలైన ఒక అధ్యయనంలో, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే పరిశోధకులు గమనిస్తూ వచ్చిన మామూలు పిల్లలు. 20 ఏళ్లు వచ్చాక కంటి సమస్య ఉన్నా లేకపోయినా స్కాన్ చేశారు. కార్నియా ముందు వైపు, వెనక వైపు వేల పాయింట్ల దగ్గర కొలిచే మెషీన్ వాడారు. డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడం ఒకటి, ఇంట్లో కూర్చున్నవాళ్ల దగ్గరికి మెషీన్‌తో వెళ్లి లెక్కపెట్టడం మరొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న గ్యాపే.. ‘నాకేం లేదు’ అనుకుంటూ తిరుగుతున్నవాళ్ల సంఖ్య.

కంగారు వద్దు.. ఈ లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది

84లో ఒకరు అంటే 84లో ఒకరు గుడ్డివాళ్లు అవుతారని కాదు. ఇది చాలా ముఖ్యం.

మొదటిది, 1,259 మందిలో దొరికింది 15 మందే. ఇంత చిన్న సంఖ్య ఆధారంగా చెప్పే శాతానికి కొంత అటూఇటూ ఉంటుంది. అసలు రేటు 0.7 నుంచి 1.9 శాతం మధ్య ఉండొచ్చని పరిశోధకులే లెక్కగట్టారు. రెండోది, మెషీన్ పట్టుకున్నవాళ్లలో చాలా తేలికపాటి స్థాయిలో ఉన్నవాళ్లూ ఉంటారు. అందరికీ అది ముదరదు. కొందరికి జీవితాంతం కళ్లద్దాలతోనే సరిపోతుంది. మూడోది, పెర్త్ వేరు, హైదరాబాద్ వేరు. అక్కడ పరీక్షించినవాళ్లలో 87 శాతం మంది తెల్లజాతివాళ్లు.

2020లో 15 దేశాల అధ్యయనాలను, 70 లక్షల మందికి పైగా జనాన్ని కలిపి చేసిన ఒక విశ్లేషణ ప్రపంచ సగటును వెయ్యి మందికి 1.38గా చెప్పింది. పెర్త్ లెక్కతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అంటే 84 అనేది అన్ని ఊళ్లకూ అతికించే నంబర్ కాదు. కానీ ‘రెండు వేలలో ఒకరికే కదా’ అని తేలిగ్గా తీసుకునే పాత ధైర్యం మాత్రం ఇక పనికిరాదు.

మన దగ్గర ఎక్కువా? తక్కువా?

దక్షిణాసియా వాళ్లలో ఈ సమస్య ఎక్కువనే సూచనలు చాలాకాలంగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 2000లో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడి తెల్లజాతివాళ్లతో పోలిస్తే ఆసియా మూలాలున్నవాళ్లలో కెరటోకోనస్ నాలుగు రెట్లు ఎక్కువ. ఒకే ఊరు, ఒకే ఆసుపత్రులు, అయినా అంత తేడా.

మన దేశంలో తరచూ చెప్పే లెక్క మహారాష్ట్ర గ్రామాలది. నాగ్‌పూర్ ప్రాంతంలో జరిగిన ‘సెంట్రల్ ఇండియా ఐ అండ్ మెడికల్ స్టడీ’ 2009లో 2.3 శాతం అని చెప్పింది. సోషల్ మీడియాలో ఈ నంబర్ చూసి భయపడేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అది 30 ఏళ్లు దాటినవాళ్ల మీద చేసిన సర్వే. పైగా కార్నియా వంపు ఒక పరిమితి దాటితే కెరటోకోనస్ అని లెక్కేశారు. పూర్తి త్రీడీ స్కాన్ చేయలేదు. కాబట్టి పెర్త్ 1.2 శాతాన్ని, ఈ 2.3 శాతాన్ని పక్కపక్కన పెట్టి ‘మనకే డబుల్’ అనడం సరికాదు.

కానీ ఒక తేడా మాత్రం పట్టించుకోవాల్సిందే. నెదర్లాండ్స్‌లో వ్యాధి గుర్తించే సగటు వయసు 28 ఏళ్లు. భారత్‌లోని ఆసుపత్రుల నుంచి వచ్చిన నివేదికల్లో పేషెంట్ల సగటు వయసు 20కి అటూఇటూగానే ఉంది. అంటే మన పిల్లలకు ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే వయసులోనే ఇది ముదిరి బయటపడుతోంది. చిన్న వయసులో మొదలైతే వేగంగా పెరిగే ప్రమాదం కూడా ఎక్కువ. సరిగ్గా ఈఏపీసెట్ లాంటి ఎంట్రన్స్‌లు, పోలీసు ఉద్యోగాల సెలక్షన్లు, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు.. అన్నీ ఉండే వయసు అది.

కళ్లు నలపడమే పెద్ద శత్రువా?

కెరటోకోనస్ ఎందుకు వస్తుందంటే ఒకే కారణం చెప్పలేం. జన్యువులు, అలర్జీ, అలవాట్లు.. అన్నీ కలుస్తాయి. కానీ దాదాపు ప్రతి అధ్యయనంలో ఒక అలవాటు పదేపదే కనిపిస్తోంది. అదే కళ్లు గట్టిగా నలపడం. 2020 నాటి ప్రపంచ విశ్లేషణలో కళ్లు నలిపే అలవాటు ఉన్నవాళ్లలో ఈ వ్యాధి ఉండే అవకాశం సుమారు మూడు రెట్లు, కుటుంబంలో ఎవరికైనా ఉంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువని తేలింది. పెర్త్ యువతలో కూడా కళ్లు నలపడానికి, కెరటోకోనస్‌కి లింక్ కనిపించింది.

మన వాతావరణంలో ఎండ, దుమ్ము, పుప్పొడి వల్ల వచ్చే కంటి అలర్జీలు పిల్లల్లో మామూలే. ఎండాకాలం రాగానే కళ్లు దురద పెట్టడం, పిడికిలితో గట్టిగా నలపడం చాలా ఇళ్లలో చూసే దృశ్యమే. ‘నలపకురా’ అని ఒక మాట అని వదిలేస్తారు. కానీ దురద తగ్గకుండా నలపడం ఆగదు. దురదకు మందు వాడాలి, అదీ డాక్టర్ రాసిన చుక్కలే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే కంటి ప్రెజర్ పెరిగి గ్లకోమా, కంట్లో శుక్లం వచ్చే ప్రమాదం ఉంది.

ఇంకో కోణం కూడా ఉంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఈ ముప్పు ఎక్కువని ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. మేనరికాలు మన దగ్గర కొత్త కాదు. దీని అర్థం ఎవరినో తప్పుపట్టమని కాదు. అన్నకి కెరటోకోనస్ ఉందని తెలిస్తే తమ్ముడికి, చెల్లెలికి కూడా పరీక్ష చేయించాలి, అంతే.

మరి ఫోన్ సంగతేంటి? స్క్రీన్ చూడటం వల్లే కెరటోకోనస్ వస్తుందని రుజువు లేదు. స్క్రీన్ ముందు రెప్ప తక్కువగా వాలుస్తాం, కళ్లు పొడిబారతాయి, మంటపెడతాయి. అప్పుడు నలిపితే అది సమస్య. అందుకే నెపమంతా ఫోన్ మీద వేసి ఊరుకోవడం ప్రమాదం. ఫోన్ తగ్గిస్తే తగ్గుతుందని ఎదురుచూసే ఆ ఏడాదిలోనే కార్నియా మరింత పల్చబడొచ్చు.

కంటి వెలుగులో దొరకనిది ఇదే

తెలుగు రాష్ట్రాల్లో కంటి పరీక్షలు జరగడం లేదా అంటే జరిగాయి, అదీ భారీగా. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలైంది. 2023 జనవరిలో రెండో విడత వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో స్కూల్ పిల్లలతో ‘వైఎస్సార్ కంటి వెలుగు’ ప్రారంభించారు. లక్షల మందికి కళ్లద్దాలు అందాయి. జీవితంలో మొదటిసారి అక్షరాలు స్పష్టంగా చూసినవాళ్లు ఎందరో.

కానీ ఇలాంటి క్యాంపులు అడిగే ప్రశ్న ‘కనిపిస్తోందా, లేదా?’ అనే. కనిపించకపోతే పవర్ చూసి అద్దాలిస్తారు. కెరటోకోనస్ మొదటి దశలో ఉన్న కుర్రాడికి అద్దాలు పెడితే చాలావరకు కనిపిస్తుంది కూడా! దాంతో కేసు క్లోజ్. ‘ఎందుకు కనిపించడం లేదు? పోయినేడాది లేని సిలిండర్ ఈ ఏడాది ఎందుకొచ్చింది?’ అనే రెండో ప్రశ్న అక్కడ ఉండదు. క్యాంపు తప్పు చేసిందని కాదు, అది వెతికేది వేరే.

కెరటోకోనస్‌ని తేల్చేది కార్నియల్ టోపోగ్రఫీ లేదా టోమోగ్రఫీ అనే స్కాన్. కార్నియా మీద ఎత్తుపల్లాలను రంగుల మ్యాప్‌లా చూపిస్తుంది. నొప్పి లేదు, ఇంజెక్షన్ లేదు, కొద్ది నిమిషాల పని. అయితే ఈ మెషీన్లు ఖరీదైనవి. ఎక్కువగా పెద్ద కంటి ఆసుపత్రుల్లోనే ఉంటాయి. అందుకే మనవాళ్లలో చాలామందికి ఈ వ్యాధి సంగతి విచిత్రమైన చోట తెలుస్తుంది. అద్దాలు తీసేద్దామని పెళ్లికి ముందో, ఉద్యోగం కోసమో లాసిక్‌కి వెళ్తారు. ఆపరేషన్‌కు ముందు స్కాన్ తీస్తే ‘మీకు లాసిక్ చేయకూడదు’ అంటారు. అప్పటిదాకా అది మామూలు సైటే అనుకున్నవాళ్లు!

అందరికీ స్కాన్ చేయాలా?

అవసరం లేదనేది లెక్క చూస్తే అర్థమవుతుంది. మెషీన్లు తక్కువ. పైగా ప్రతి ఒక్కరినీ స్కాన్ చేస్తే ముదరని తేలికపాటి కేసులు కూడా బోలెడు బయటపడి, అనవసర భయం, అనవసర ఖర్చు.

కానీ మధ్యే మార్గం ఉంది, అదీ తక్కువ ఖర్చుతో. ఆప్టోమెట్రిస్టుల చేతిలో ఉండే రెటినోస్కోప్ అనే చిన్న పరికరంతో కంట్లోకి వెలుతురు వేసి చూస్తే, కెరటోకోనస్ ఉన్న కంట్లో ఆ మెరుపు కత్తెర తెరిచి మూసినట్టు కదులుతుంది. శిక్షణ ఉన్న కన్ను దాన్ని పట్టుకోగలదు. కంప్యూటర్ టెస్ట్ చేసి కాగితం చింపి ఇచ్చేస్తే మాత్రం అది కనిపించదు.

అంటే కావాల్సింది ఒక చిన్న రూల్. 25 ఏళ్లలోపు వాళ్లలో సిలిండర్ పవర్ ఏడాదిలో గమనించదగ్గంతగా పెరిగినా, అద్దాలు పెట్టినా 6/6 రాకపోయినా, రెండు కళ్ల మధ్య తేడా పెరుగుతున్నా టోపోగ్రఫీకి పంపాలి. స్కూల్ పరీక్షలకు, విజన్ సెంటర్లకు, అద్దాల షాపులకు ఇదే వర్తించాలి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి గ్రామాల్లో విజన్ సెంటర్ల నుంచి నగరంలోని పెద్ద ఆసుపత్రి దాకా ఒక మెట్ల వ్యవస్థను కట్టింది. అనుమానం ఉన్నవాళ్లను పై మెట్టుకు పంపే దారి మన రాష్ట్రాలకు తెలియనిది కాదు. ఆ దారిలో కెరటోకోనస్ అనుమానితులను కూడా చేర్చాలి.

ముందే దొరికితే ఏమవుతుంది?

ఇక్కడే టైమ్ విలువ తెలుస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు అభివృద్ధి చేసిన ‘క్రాస్‌లింకింగ్’ చికిత్స ఫలితాలు 2003లో ప్రచురితమయ్యాయి. కంట్లో విటమిన్ బి2 అంటే రైబోఫ్లావిన్ చుక్కలు వేసి, దాని మీద యూవీ-ఏ కాంతి ప్రసరింపజేస్తారు. దాంతో కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర గట్టిపడుతుంది. అమెరికాలో దీనికి 2016లో అనుమతి వచ్చింది. మన దేశంలోనూ పెద్ద కంటి ఆసుపత్రుల్లో చేస్తున్నారు.

బ్రిటన్‌లో 10 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. 18 నెలల తర్వాత చూస్తే, క్రాస్‌లింకింగ్ చేసినవాళ్లలో 7 శాతం మందికే వ్యాధి పెరిగింది. కళ్లద్దాలు, లెన్సులతోనే సరిపెట్టినవాళ్లలో అది 43 శాతం. నెదర్లాండ్స్‌లో ఈ చికిత్స దేశమంతటా అందుబాటులోకి వచ్చిన తర్వాత మూడేళ్లలో కెరటోకోనస్ కోసం చేసే కార్నియా మార్పిడులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

అయితే ఇది మ్యాజిక్ కాదు. క్రాస్‌లింకింగ్ అద్దాలు తీసేయడానికి కాదు, వ్యాధి ముదరకుండా ఆపడానికి. చికిత్స తర్వాత కొన్ని రోజులు నొప్పి, మసక ఉంటాయి. అరుదుగా ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇంకో ముఖ్య విషయం, మామూలు పద్ధతిలో చేయాలంటే కార్నియా కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి. ఆలస్యం చేసేకొద్దీ పొర పల్చబడి ఆ అవకాశం చేజారిపోవచ్చు.

ఆ తర్వాత మిగిలేవి ప్రత్యేకమైన గట్టి కాంటాక్ట్ లెన్సులు, స్క్లెరల్ లెన్సులు. వీటితో చాలామందికి మంచి చూపే వస్తుంది, కానీ ఖర్చు ఎక్కువ, రోజూ జాగ్రత్తలు తప్పవు. బాగా ముదిరితే కార్నియా మార్పిడి. అది నేత్రదాతల మీద ఆధారపడిన ఆపరేషన్. 22 ఏళ్లకే మార్పిడి జరిగితే జీవితకాలంలో మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు కూడా.

అలాగని కెరటోకోనస్ ఉంటే కెరీర్ అయిపోయినట్టు కాదు. బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల షాట్లకు పెట్టింది పేరైన స్టీఫెన్ కర్రీ తనకు ఈ సమస్య ఉందని 2019లో బయటపెట్టాడు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఆట కొనసాగించాడు.

ఇంట్లోనే గమనించాల్సిన విషయాలు

• ఏడాదిలో రెండుసార్లు పవర్ మారడం, ముఖ్యంగా సిలిండర్ పెరగడం
• ఒక కన్ను మూసి చూసినా అక్షరాలకు, వీధి లైట్లకు నీడలు లేదా తోకలు కనిపించడం
• కొత్త అద్దాలతోనూ స్పష్టత లేకపోవడం, కళ్లు చిట్లించి చూడటం
• ఏళ్ల తరబడి కంటి దురద, కళ్లు గట్టిగా నలిపే అలవాటు
• అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉండటం
• డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ, వాళ్లు చెప్పుకోలేకపోవచ్చు కాబట్టి తల్లిదండ్రులే గమనించాలి
• ఉన్నట్టుండి ఒక కంట్లో నొప్పి, తెల్లటి మసక వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి

వీటిలో ఏదైనా ఉంటే కెరటోకోనస్ ఉన్నట్టే అని కాదు. ‘టోపోగ్రఫీ అవసరమా?’ అని కంటి డాక్టర్‌ని అడగాల్సిన టైమ్ వచ్చిందని.

ఇంకో చిన్న పని. చాలామంది కొత్త అద్దాలు రాగానే పాత చీటీ పారేస్తారు. పారేయకండి. ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మూడేళ్ల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే, పవర్ స్థిరంగా ఉందా, పెరుగుతూ పోతోందా అనేది డాక్టర్‌కి నిమిషంలో తెలిసిపోతుంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ సమస్య ఉన్నా కంటి వైద్యులను సంప్రదించాకే నిర్ణయం తీసుకోవాలి.